పరామర్శల తర్వాత

దెబ్బ తగిలిన మనిషిని చూడటానికి మనవాళ్ళు తప్పకుండా వస్తారు. పళ్ళు తెస్తారు, పప్పూ చారూ వండి పంపుతారు, గండం గడిచిందంటారు. ఇదంతా మొదటి వారం ముచ్చట. విరిగిన కాలి ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది. మంచంమీద కరిగిపోయిన కండ మళ్ళీ పట్టడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఆ మిగిలిన రోజులు ఎలా గడుస్తాయి?

ఈ దేశపు నవలాకారుడు టిమ్ వింటన్ జీవితంలో దీనికి జవాబు దొరికింది మాకు. ఆయన 1960లో పెర్త్‌లో పుట్టారు. ఆయన పసితనంలో, ట్రాఫిక్ పోలీసైన తండ్రి మోటారు సైకిలుమీద వెళుతుండగా కారు గుద్దింది. ప్రాణం దక్కి ఇంటికి వచ్చాడుగాని, అంత మనిషిని ఎత్తి స్నానం చేయించడం తల్లి ఒక్కతెవల్ల కాలేదు. అప్పుడు దగ్గరి చర్చికి చెందిన ఒకాయన, ఏ పరిచయమూ లేనివాడు, వచ్చి ఆయన్ని ఎత్తుకుని తీసుకెళ్ళి స్నానం చేయించేవాడు. 2016లో వెలువడిన ‘ద బాయ్ బిహైండ్ ద కర్టెన్’ అనే పుస్తకంలో వింటన్ ఆ ప్రమాదాన్నీ, దాని తర్వాతి రోజులనూ తలుచుకున్నారు.

పద్దెనిమిదేళ్ళకు ఆయనే కారు ప్రమాదంలో గాయపడ్డారు. కోలుకుంటున్న రోజుల్లో, నర్సు చదువుతున్న చిన్ననాటి సహపాఠిని మళ్ళీ కలిసింది. తర్వాత ఆమెనే పెళ్ళాడారు. ఆ ప్రమాదం తన రాతకు తొందర పెంచిందని ఆయనే చెప్పారు. 1981లో మొదటి నవలకే వోగెల్ బహుమతి వచ్చింది.

ఆ కుటుంబాన్ని నిలబెట్టినది మందులే కాదు, మనుషుల చేతులు కూడా.

మన ఇళ్ళలో ఆ చేతులు తక్కువ. అమ్మమ్మ గుంటూరులోనో వరంగల్‌లోనో ఉంటుంది. భార్యాభర్తల్లో ఒకరు పడితే రెండోవారు ఉద్యోగానికి వెళ్ళక తప్పదు. పొద్దున్నుంచి సాయంత్రందాకా రోగి ఒంటరి. ఇంటికి పంపేముందు “చూసుకోవడానికి ఎవరున్నారు?” అని వైద్యులుగా మేము అడిగితే “అందరూ ఉన్నారండీ” అంటారు. ఇంకొకరిని అడగడం నామోషీ. అడగకుండా చేయబోవడానికి అవతలివారికి మొహమాటం. ఈ రెంటిమధ్యా మనిషి స్నానాలగదిలో జారి మళ్ళీ పడతాడు.

కాబట్టి మిత్రులకు మా మనవి. మొదటి వారం అందరం వెళ్ళనక్కరలేదు; వంతులు వేసుకుందాం. చెయ్యి విరిగిన ఆవిడకు తల దువ్వి జడ వేయడానికి ఒకరు. కాలు విరిగినాయన స్నానం చేస్తుంటే తలుపు బయట కూర్చోవడానికి ఒకరు. ఫిజియోథెరపీకి కారులో తీసుకెళ్ళడానికి ఇంకొకరు. “ఏమైనా కావాలా?” అని అడిగితే “ఏమీ వద్దండీ” అనే జవాబే వస్తుంది. “మంగళవారం పదింటికి వస్తున్నాం” అని చెప్పండి.

నాలుగో వారం వెళ్ళండి. పళ్ళు లేకపోయినా ఫరవాలేదు; చొక్కా చేతులు పైకి మడుచుకుని వెళ్ళండి, చాలు.