కడుపులో దాచుకున్న మాట

ఐర్లండ్‌లో కార్క్ నగరం పక్కనున్న బాలింకాలిగ్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఒక ఆఫీసులో గుమాస్తా పని. అంతకుముందు ఆరేళ్లు దుబాయ్ సోనాపూర్ క్యాంపులో టైమ్‌కీపర్‌గా చేశాను. మీలాగే మూడంతస్తుల మంచం మీద పడుకున్నవాణ్ణి. అందుకే ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.

2016లో విరేచనంలో రక్తం పడడం మొదలైంది. రోజుకు ఏడెనిమిది సార్లు. పొద్దున లెట్రిన్ లైన్లో నిలబడలేక చచ్చేవాణ్ణి. "వేడి చేసిందన్నా, సబ్జా గింజలు తాగు" అన్నాడు రూమ్ తమ్ముడు. రక్తం సంగతి వాడికీ చెప్పలేదు. మొలలేమో అనుకున్నాను. బయటపడితే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తారని భయం. చెల్లి పెళ్లి అప్పు ఇంకా తీరలేదు. పది నెలలు దాచాను. నడుం నొప్పికి గోలీలు మింగాను. ఆ నొప్పి గోలీలు కొందరికి ఈ జబ్బును పెంచుతాయని తర్వాత తెలిసింది.

సెలవు మీద ఇంటికి పోతే అమ్మ నన్ను చూసి, "కడుపుల రోగం పెట్టుకొని పైసలు పంపినవా బిడ్డా" అని ఏడ్చింది. హైదరాబాద్‌లో కెమెరా పైపుతో కొలనోస్కోపీ చేసి 'అల్సరేటివ్ కొలైటిస్' అన్నారు. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. అంటుకునేది కాదు. మందులతో అదుపులో ఉంటుంది, కానీ మళ్లీ తిరగబెడుతుంది.

ఇక్కడికి వచ్చాక మళ్లీ పరీక్ష చేశారు. పేగు చివరి భాగంతో పాటు అపెండిక్స్ నోటి దగ్గర కూడా ఎర్రగా వాచిందన్నారు. మనవాళ్లు '24 గంటల నొప్పి' అంటారే, అది వచ్చే చోటే. "తీసేస్తే పోతుందా?" అని అడిగాను.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. అపెండిసైటిస్‌కు కోత లేని పద్ధతిని చైనా వైద్యులు 2012లో ప్రకటించారు. కెమెరా పైపులోంచి సన్నని గొట్టం అపెండిక్స్‌లోకి పంపి, చీము, అడ్డుపడ్డ గట్టి మలం కడిగేస్తారు. కొలైటిస్ ఉన్నవాళ్లకూ ఇది పనికొస్తుందా అని చూస్తున్నారు. ఇంకా పరిశోధనే. ఆపరేషన్ చేసి అపెండిక్స్ తీసేస్తే ఏమవుతుందో నెదర్లాండ్స్, ఐర్లండ్, బ్రిటన్ ఆసుపత్రుల్లో 197 మందిపై చూశారు. అందరూ జబ్బు అణిగి ఉన్నవాళ్లే. ఫలితం 2025లో వచ్చింది. మందులు మాత్రమే వాడినవాళ్లలో ఏడాదిలోపు నూటికి 56 మందికి జబ్బు తిరగబెట్టింది. మందులతో పాటు అపెండిక్స్ తీయించుకున్నవాళ్లలో 36 మందికి. తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. మందులు మానడానికీ లేదు.

నేను ఇప్పటికి మందులే వాడుతున్నాను. ఆపరేషన్ సంగతి వచ్చే పరీక్ష తర్వాత చూద్దామన్నారు.

సోదరులారా, రక్తం పడితే మొలలని మీరే తేల్చుకోకండి. కుడివైపు పొత్తికడుపులో నొప్పి పెరుగుతూ జ్వరం, వాంతులు వస్తే అదే రోజు ఆసుపత్రికి పోండి. నొప్పి గోలీలతో నెట్టుకురావద్దు. మొదలుపెట్టిన మందులు డాక్టరును అడగకుండా మానొద్దు.

మొన్న ఆ రూమ్ తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడే చెప్పి ఉంటే డ్యూటీ మానుకొని నీతో క్లినిక్‌కు వచ్చేవాణ్ణి కదన్నా" అన్నాడు.