తిమిరి

మొన్న మా మనుమడు కరెంటు కొట్టే ఈల్ బొమ్మ చూపించి, "తాతయ్యా, దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. పండితుడినన్న అహం మండపేటలో విశ్రాంతి తీసుకుంటున్నా చావలేదు. "విద్యున్మలుగు" అని ఠక్కున ఒక సమాసం కట్టి ఇచ్చాను.

అది వైరిసమాసమన్న సంగతి అటుంచండి, విషయమే తప్పని ఆ రాత్రి చదివితే తెలిసింది. మన గోదావరి మలుగుపాము అసలైన ఈల్. సముద్రంలో పుట్టి, నదిలోకి ఎదురీది వచ్చి పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి సముద్రానికే పోతుంది. వాడు చూపిన ప్రాణి బ్రతుకంతా మంచినీళ్ళలోనే. దక్షిణ అమెరికాలో అమెజాన్, ఒరినోకో ప్రాంతాలు దాని ఉనికిపట్టు. బురదనీటిలో ఉంటూ మాటిమాటికీ పైకి వచ్చి నోటితో గాలి పీలుస్తుంది. చుట్టరికం చూడబోతే మలుగుకంటె మన వాలుగలకూ జెల్లలకూ దగ్గర. 1766లో లిన్నేయస్ నామకరణం చేసిన నాటినుంచి ఒకటే జాతి అనుకున్నారు. 2019లో మూడని తేల్చారు. వాటిలో వోల్టా పేరు పెట్టినది 860 వోల్టులు కొట్టిందట. మన ఇంటి కరెంటు 230!

ఇక్కడే నాకొక పాత బాకీ గుర్తుకు వచ్చింది. 1987లో కోనసీమ సముద్రతీరాన ఒక బడిలో పనిచేస్తున్నాను. చేపల పేర్లు వ్రాయమంటే ఒక పల్లెకారుల పిల్లవాడు చివర "తిమిరి" అని వ్రాశాడు. ఎర్రసిరాతో కొట్టివేసి, మకారం క్రింద ఒత్తు పెట్టి, "తిమ్మిరి రోగంరా, చేప కాదు" అన్నాను. తరగతంతా నవ్వింది. వాడు, "చేపేనండి మాస్టారూ, వల్లో పడుద్దండి. ముట్టుకుంటే చెయ్యి మొద్దుబారిపోద్దండి" అన్నాడు. ఎదురు చెప్పినందుకు గంటసేపు నిలబెట్టాను.

ఈ మధ్య అంతర్జాలంలో పాట్రిక్ రస్సెల్ దొర గ్రంథం కంటబడింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణంలో ఉండి, అక్కడి చేపలు రెండు వందలకు బొమ్మలు గీయించి, జాలరుల నోటి పేర్లతో సహా 1803లో లండనులో అచ్చువేయించాడు. అందులో ఉన్నది "తిమిరి"! ప్రక్కనే "నల్ల తిమిరి" కూడా. టేకు వంటి చేప. ఇసుకలో నక్కి ఉంటుంది, తలకు రెండు వైపులా విద్యుదంగాలుంటాయి. ఆ తెలుగు మాటనే లాటిను చేసి 1831లో గ్రే అనే పండితుడు ఒక ప్రజాతికి "తెమెరా" అని పేరుపెట్టాడు. ఈ చేపల శాస్త్రనామాలలో "నార్సినే" గ్రీకు, "టార్పెడో" లాటిను. రెండింటికీ మూలార్థం మొద్దుబారడమే. ముట్టుకున్నవాడే ఎక్కడైనా పేరు పెట్టాడన్నమాట. నేను ముట్టుకోలేదు.

వాడికిప్పుడు యాభై ఏళ్ళుంటాయి. ఎక్కడున్నాడో తెలియదు, ముఖం గుర్తుంది, పేరు గుర్తు లేదు.

మరునాడు మనుమణ్ణి పిలిచి, నా సమాసం కొట్టివేయించాను. ఆ ఈల్‌కు తెలుగు పేరు లేదనీ, మన కడలిలో కరెంటు కొట్టే చేపకు మాత్రం ఉందనీ చెప్పాను. నోటుపుస్తకం తీసి అడిగాడు:

"మకు ఒత్తు ఉందా తాతయ్యా?"

"లేదు నాన్నా."