కల్యాణపురము

అమలాపురము నుండి యానామునకు దారి చెప్పుట సులభము. ముమ్మిడివరము దాటి, స్వామికి నిత్యకల్యాణము జరుగు మురమళ్ళ మీదుగా ఎదుర్లంక చేరవలెను. అచ్చట గౌతమిపై 2002లో తెరచిన బాలయోగి వారధి కలదు. వారధి దిగినచో యానాము. సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల. పాలన పుదుచ్చేరిది, భాష మనది.

మొన్నటి వేసవిలో మా అమ్మాయిని వెంటబెట్టుకొని పోయితిని. 1723లో ఫ్రెంచివారు అచ్చట అడుగిడుట, 1954 జూన్ 13న ఊరు వారి పాలన నుండి విముక్తమగుట, 1962లో చట్టసమ్మతముగా భారతదేశమున జేరుట చెప్పితిని. వారి కాలపు చర్చిని చూపితిని. కడపట పాత రేవుకడ నిలిచితిమి.

“ఇక్కడేముంది నాన్నా?” అని అడిగినది.

చూచుటకు ఏమియు లేదు. చెప్పుటకు మాత్రము కలదు. 1930 ఏప్రిల్ 1 నుండి బ్రిటిషు ఇండియాలో శారదా చట్టము అమలునకు వచ్చెను. 14 ఏండ్లు నిండని బాలికకు, 18 నిండని బాలునకు పెండ్లి చేయుట నేరమయ్యెను. ఫ్రెంచి నేలపై ఆ చట్టము చెల్లదు. శాస్త్రములను వెదకినంత శ్రద్ధతో మన పెద్దలు సరిహద్దును వెదకిరి. పసిబిడ్డలను పడవలెక్కించి తెచ్చి యిచ్చట పెండ్లిండ్లు చేసిరి. ఊరికి కల్యాణపురమని మారుపేరు వచ్చినది. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినదియు ఈ గోదావరి యొడ్డుననే.

మా మామ్మ అట్లు వచ్చిన పెండ్లికూతులలో నొకతె. అప్పటి కామెకు ఎనిమిదేండ్లు. మంత్రములు, మేళము ఆమెకు జ్ఞాపకము లేవు. పడవలో నిద్రపట్టుట, ఎవరో లేపగా కాళ్లకు చల్లని నీరు తగులుట, బడిలో పలక మరచివచ్చుట – ఇవియే జ్ఞాపకము. ఎనుబదియేండ్లు దాటిన పిమ్మటను ఆ పలక మాట చెప్పుచుండెడిది. తాతగారు మంచివారు, ఆమెకు ఎవరిపైనను కోపము లేదు.

అమ్మాయి చాలసేపు నీటివైపు చూచి, “ఎవరూ వద్దనలేదా?” అనినది.

నేను తల వంచుకొంటిని. నేడు చట్టము నదికి ఇరువైపుల నొకటే. బాలికకు 18 ఏండ్లు నిండవలెను. అయినను గత సంక్రాంతి సెలవుల పిమ్మట మా పదవ తరగతి బాలిక యొకతె బడికి రాలేదు. ఆమె తండ్రి దారిలో కనబడి, “కానిచ్చేశామండి మాష్టారూ, మా బావమరిదిగారి ఊళ్ళో. ఇక్కడెవరికీ తెలీదులెండి” అనెను. సంస్కరణమును గూర్చి పాఠము చెప్పు నేను, మంచిదని తలయూపి వచ్చితిని.

యానామునుండి వచ్చిన మరునాడు ఆ యింటికి పోయితిని. చేసినది తప్పని చెప్పితిని; పిల్లను పుట్టింటికి రప్పించి చదివింపుడని, పరీక్ష రుసుము నేను కట్టెదనని అడిగితిని. తండ్రి మంచినీళ్లిచ్చెను గాని మాట యీయలేదు. ఆదివారము మరల పోవుచున్నాను.