నిచ్చెన మీద రెండు చేతులు

విమానాల పనిలో ప్రమాదం అనగానే అందరి కళ్లూ ఆకాశం వైపు వెళ్తాయి. హ్యాంగర్‌లో పనిచేసే మనిషిని ఆసుపత్రికి చేర్చడానికి మాత్రం రెండు మూడు మీటర్ల ఎత్తు చాలు. శంషాబాద్ విమానాశ్రయం వైపు నుంచి వచ్చే కేసులు చూసే ఒక ఎముకల వైద్యుడికి ఈ సంగతి బాగా తెలుసు.

ఒకసారి ముప్పై ఏళ్ల టెక్నీషియన్ వచ్చాడు. ఇంజిన్ పైమూత (కౌలింగ్) తెరిచి, నిచ్చెన మీద నిలబడి పనిచేస్తూ కాంక్రీటు మీద పడ్డాడు. మడమ ఉబ్బిపోయి కాలు మోపలేకపోతున్నాడు. వైద్యుడు కాలితో పాటు నడుముకూ ఎక్స్‌రే రాశాడు.

"నడుం బానే ఉంది సార్, కాలు చూడండి."

ఫిల్ములో మొదటి నడుము పూస చితికి కనిపించింది. ఎత్తు నుంచి కాళ్ల మీద పడితే ఆ దెబ్బ ముందు మడమ ఎముకకు, అక్కడి నుంచి వెన్నుకు పాకుతుంది. అలా మడమ విరిగిన పదిమందిలో దాదాపు ఒకరికి వెన్నుపూస కూడా దెబ్బతింటుందని వైద్య విద్యార్థులకు చెబుతారు. మడమ నొప్పిలో నడుము నొప్పి తెలియదు. మూడు మీటర్లు పడటానికి 0.8 సెకను కూడా పట్టదు. నేలను తాకేసరికి వేగం గంటకు 27 కిలోమీటర్లు దాటుతుంది. ఏదైనా పట్టుకుందామన్నా వ్యవధి లేదు.

"బాబూ, అప్పుడు నీ చేతుల్లో ఏముంది?" ఎవరు పడి వచ్చినా వైద్యుడు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. అతని రెండు చేతుల్లోనూ స్పానర్ ఉంది. బిగుసుకుపోయిన బోల్టు ఒక్కసారిగా వదులైంది.

రెండు కాళ్లూ ఒక చెయ్యీ ఎప్పుడూ నిచ్చెన మీదే ఉండాలన్నది అన్ని చోట్లా నేర్పే నియమం. బలంగా లాగాల్సిన పనికి రెండు చేతులూ కావాలి. విమానం ఒంటికి గీత పడకూడదు కనుక దానికి నిచ్చెన ఆనించడం కుదరదు; వాడేది దానంతట అది నిలబడే నిచ్చెన, పక్కకు లాగితే ఒరిగేది అదే. పైగా చెప్పు అడుగున ఊదారంగు హైడ్రాలిక్ నూనె అంటిందంటే మెట్టు మీద పట్టు దొరకదు. ఇంత జరిగాక ప్రమాద పత్రంలో 'అజాగ్రత్త' అని రాస్తే వైద్యుడు ఒప్పుకోడు. నిచ్చెన ఎక్కి దిగడానికే. పనికి చుట్టూ కమ్మీలున్న స్టాండు కావాలి. తెల్లవారి విమానం కోసం రాత్రంతా తొందరపెడుతుంటే, ఎక్కడో ఉన్న స్టాండును తోసుకొచ్చే బదులు పక్కనున్న నిచ్చెనే ఎక్కుతారు.

తలకు దెబ్బ తగిలినవాళ్ల విషయంలో ఆయనకు భయం ఇంకా ఎక్కువ. ఒక హెల్పర్ పడి లేచి, "ఏం కాలే" అని టీ తాగి గదికి వెళ్లాడు. కొన్ని గంటలకు తలనొప్పి, వాంతులు, మగత. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరింది. గదిలో తోడున్నవాళ్లు వెంటనే తీసుకురావడంతో ఆపరేషన్ చేసి బతికించగలిగారు. తల తగిలినవాణ్ని ఆ రాత్రి ఒంటరిగా పంపొద్దని సూపర్‌వైజర్లు కనిపించినప్పుడల్లా ఆయన చెబుతాడు.

మడమ విరిగిన టెక్నీషియన్ నెలల తర్వాత నడిచాడు. ఎగుడుదిగుడు నేల మీద మాత్రం ఇప్పటికీ ఇబ్బందే. మడమ పైకీలు బిగుసుకుపోయింది. 'నిచ్చెన పని వద్దు' అని వైద్యుడు సర్టిఫికెట్ రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాడు: ఇతని స్థానంలో వచ్చేవారికి కమ్మీలున్న స్టాండు ఇవ్వగలరు.