తలుపుల లెక్క ఉంది, పేర్ల లెక్క లేదు

2025 మే 15న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఒక పాత భవంతి కాలిపోయింది. దాని పేరు నాటొవే. మిసిసిపీ నది ఒడ్డున, వైట్ కాజిల్ అనే చిన్న ఊరి దగ్గర ఉండేది. చరిత్రలో ఎం.ఏ. చేస్తున్నాను కాబట్టి ఆ వార్త నా కంట పడింది. లేకపోతే మన హాస్టల్లో సాయంత్రం న్యూస్‌పేపర్ చేతికొచ్చేసరికి స్పోర్ట్స్ పేజీ తప్ప ఏం మిగులుతుంది! అయినా మిత్రులారా, ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే నాకు ఆ ఇల్లే గుర్తొచ్చింది.

దాన్ని 1859లో జాన్ హాంప్‌డెన్ రాండాల్ఫ్ అనే చెరకు తోటల యజమాని కట్టించాడు. 64 గదులు. 165 తలుపులు, 200 కిటికీలు. రెండూ కలిపితే 365, ఏడాదిలో ఎన్ని రోజులో అన్ని. ఆ ఇంటి గురించి రాసినవాళ్లు ఈ లెక్క చెప్పకుండా ఉండరు. అక్కడి అంతర్యుద్ధానికి ముందు దక్షిణాది రాష్ట్రాల్లో కట్టిన భవంతుల్లో, మిగిలినవాటిలోకెల్లా ఇదే పెద్దదని పేరు. తర్వాతి కాలంలో హోటల్‌గా, పెళ్లిళ్లు జరిగే చోటుగా నడిచింది. 1860 జనాభా లెక్కల ప్రకారం రాండాల్ఫ్ కింద 155 మంది బానిసలు ఉన్నారు.

ఇల్లు కాలిన రోజు ఆ దేశం రెండుగా చీలినట్టయింది. అక్కడ పెళ్లి చేసుకున్నవాళ్లు ఫొటోలు చూసుకొని బాధపడ్డారు. నల్లజాతివాళ్లలో చాలామంది ఆ మంటల వీడియోలు ఒకరికొకరు పంపుకొని నవ్వుకున్నారు, పండుగ చేసుకున్నారు. నాకు మొదట రెండోవాళ్ల పక్షమే అనిపించింది. కానీ ఆ హోటల్‌నే నమ్ముకొని పనిచేసే మామూలు మనుషులూ ఉంటారు కదా, వాళ్ల జీతాలు కూడా ఆ మంటల్లోనే పోయాయి. యజమాని మాత్రం మళ్లీ కట్టాలని ఉందన్నాడు.

కట్టవచ్చు. డబ్బుంటే 365 తలుపులూ కిటికీలూ మళ్లీ పెట్టవచ్చు. ఆ 155 మంది మునిమనవలు కోలుకోవడానికి ఏం కట్టాలి? అదీ నన్ను పట్టుకున్న ప్రశ్న.

1860 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టిక ఉండేది. అందులో యజమాని పేరు ఉంటుంది. దాని కింద బానిస వయసు, ఆడో మగో, ఒంటి రంగు ఉంటాయి. పేరు దాదాపు ఎక్కడా ఉండదు. విడుదలైన బానిసలందరినీ పేర్లతో రాసుకున్నది 1870 లెక్కల్లోనే. అందుకే తమ పెద్దల్ని వెతుక్కుంటూ వెనక్కి వెళ్లే నల్లజాతి కుటుంబాలు 1870 దగ్గర ఆగిపోతాయి. దాన్ని వాళ్లు గోడ అంటారు.

ఆ గోడను ఒక్కో రాయీ తీస్తున్నవాళ్లూ ఉన్నారు. యుద్ధం అయిపోయాక విడుదలైనవాళ్లు పత్రికల్లో ప్రకటనలు ఇచ్చుకున్నారు. మా అమ్మను ఫలానా వాడికి అమ్మారు, మా తమ్ముణ్ని ఫలానా ఊరికి తీసుకుపోయారు, చూసినవాళ్లు తెలపండి అని. న్యూ ఆర్లియన్స్‌లో ఒక చర్చి పత్రిక వాటికి ప్రత్యేకంగా ఒక శీర్షికే నడిపింది. పాస్టర్లు వాటిని చర్చిలో చదివి వినిపించేవారు. నూరేళ్ల తర్వాత గ్వెండొలిన్ మిడ్లో హాల్ అనే చరిత్రకారిణి కోర్టుల్లో మూలనపడ్డ పాత కాగితాలు ఏళ్ల తరబడి తిరగేసి, లూసియానా బానిసల వివరాలు 1,00,000కు పైగా పోగుచేసి 2000లో బయటపెట్టింది. ఆమె 2022లో చనిపోయింది. అదే నది ఒడ్డున విట్నీ అనే మరో తోటను 2014లో మ్యూజియంగా తెరిచారు. అక్కడ యజమాని కథ కాదు, బానిసల కథ చెబుతారు. ఆమె పోగుచేసిన పేర్లు అక్కడ రాళ్ల మీద చెక్కి ఉన్నాయి.

ఇదంతా చదివాక మా ఊరి గడి గుర్తొచ్చింది. ఒక మాట ముందే చెప్పాలి. వెట్టీ ఆ బానిసత్వమూ ఒకటి కాదు. మా నాయనమ్మను ఎవరూ సంతలో పెట్టి అమ్మలేదు. ఆ తేడా చెరిపేస్తే అటువాళ్లకూ అన్యాయమే, ఇటువాళ్లకూ అన్యాయమే. కానీ గడి ఎవరిదని మా ఊళ్లో ఎవరినడిగినా దొర పేరు, ఆయన తండ్రి పేరు, దర్వాజాకు ఎక్కడినుంచి కలప తెప్పించిందీ చెబుతారు. అందులో వడ్లు దంచిందెవరు, నీళ్లు మోసిందెవరు అంటే మాత్రం "మీవోళ్లే" అంటారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఏ ఫారం నింపినా మా తాత దగ్గరే ఆగిపోతాను. పోయిన దసరా సెలవుల్లో నోట్‌బుక్ పట్టుకొని నాయనమ్మ దగ్గర కూర్చున్నాను.

"పేర్లెందుకు బిడ్డా, గడిల మమ్ముల పేరుపెట్టి ఎవలు పిలిచిండ్రు? ఓ పోరీ అంటే ఉరుకుడే" అంది.

అయినా చెప్పింది. చిన్నప్పుడు తను ఎవరి వెంట గడికి పోయిందో, కట్టెలు కొట్టిందెవరో, పేడ తీసిందెవరో. మూడు రోజుల్లో 27 పేర్లు రాసుకున్నాను. అందులో ఆరుగురికి సొంత పేరు లేదు, ఫలానావాడి పెండ్లాం, ఫలానావాడి తల్లి అని మాత్రమే. పక్కింటి పెద్దాయన రెండు పేర్లు తప్పన్నాడు. ఇద్దరూ గంటసేపు వాదులాడుకున్నారు. చివరికి నాయనమ్మ మాటే నెగ్గింది గానీ, నేను ఆ రెండింటి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఆమెకు చదవడం రాదు కాబట్టి సరిపోయింది.

హాస్టల్‌కు తిరిగొచ్చిన వారానికి ఫోన్ చేసింది. మా తమ్ముడితో నంబరు కొట్టించిందట. బాగున్నావా, తిన్నావా అని కూడా అడగలేదు. "నీళ్లు మోసిన ముసలామె పేరు యాదికొచ్చింది, రాసుకో" అంది.