మొదటి ప్రశ్న

కొన్నేండ్ల క్రిందట నా పూర్వశిష్యుడొకడు గద్వాలనుండి వనపర్తిలోని మా యింటికి వచ్చెను. ప్రొబేషను అధికారి యుద్యోగమునకు వానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చినది. “సార్, మీరే పరీక్షకులనుకొని నన్ను ప్రశ్నింపుడు” అని కోరెను.

చట్టము వానికి కంఠస్థము. 1958 నాటి అపరాధుల ప్రొబేషను చట్టము ప్రకారము, మరణశిక్షగాని యావజ్జీవ ఖైదుగాని లేని నేరము చేసినవానిని న్యాయస్థానము చెఱసాలకు పంపక, సత్ప్రవర్తన పూచీపై విడువవచ్చును. అట్టివాడు 21 ఏండ్లలోపువాడైనచో, జైలుకు పంపుటకు ముందు అధికారి నివేదికను తెప్పించి చూడవలయును. పెరోలు వేఱు, అది శిక్ష ననుభవించుచున్న ఖైదీకి దొరకు తాత్కాలికమైన విడుదల. 1841లో బోస్టను నగరమున జాన్ అగస్టస్ అను బూట్లుకుట్టువాడు ఒక త్రాగుబోతుకు పూచీపడుటతో ఈ పద్ధతి మొదలైనదనియు చెప్పెను.

నేను గొంతు సవరించుకొని యడిగితిని: “పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు దొంగతనము చేసి పట్టుబడెను. వానిని నీవడుగు మొదటి ప్రశ్న యేది?”

ఆతడు కొంతసేపు ఊరకుండి, “ముందు వాని నేమియు నడుగను సార్. వాని యింటికి పోయెదను. పొయ్యి వెలుగుచున్నదో లేదో చూచెదను” అనెను. 14వ సెక్షను చెప్పునదియు నదియే: గృహపరిస్థితులను విచారించుట, అవసరమైనచో పని చూపుట, సలహా సాయముల నిచ్చుట.

నా తల వంగిపోయెను. ఆ యేడే నా తరగతిలో నొక బాలుడు తోటివాని సంచినుండి నూఱు రూపాయలు తీసెను. నేను వానిని అందఱియెదుట నిలువబెట్టి దొంగ యంటిని. మఱునాటినుండి వాడు బడికి రాలేదు. తలిదండ్రులు గుంపు మేస్త్రీ యిచ్చిన అడ్వాన్సు తీసికొని బొంబాయికి కూలికి పోయిరనియు, వాడు చెల్లెలితో ముసలవ్వయొద్ద నుండెననియు నాకు తరువాత తెలిసినది. వాని యిల్లు బడికి రెండు వీధుల దూరమే. దండనీతిని సంస్కృతమునను ఇంగ్లీషునను చదివిన నేను ఆ రెండు వీధులు నడువలేదు.

శిష్యుడు పోయిన మఱునాడు నడిచితిని. తలుపునకు తాళము. అవ్వ పిల్లలను నాగర్‌కర్నూలు దగ్గఱనున్న తమ్ముని యింటికి తీసికొనిపోయినదట. ఆదివారము బస్సెక్కి అచ్చటికి పోయితిని. నన్ను చూడగనే వాడు గోడకానుకొని, “సార్, పైసల కోసమొచ్చిండ్రా?” అని యడిగెను.

నేను బదులు చెప్పలేక, చాపమీద కూర్చుండి, అవ్వతో మాటలు మొదలుపెట్టితిని.

చదువరులారా, మన యింట వస్తువు పోయినపుడు మన చూపు ముందుగా పనిపిల్లపై పడును. ఆ పిల్ల యింటిలో ఆ పూట వంట జరిగెనో లేదో మనలో నెందఱకు తెలియును?