పొగ కిందికి పోతాదా?

2023 మేలో మా నాయన బెర్లిన్ వచ్చాడు. పులివెందుల నుంచి కదిరి మీదుగా బెంగళూరు, అక్కడినుంచి దోహా, దోహా నుంచి ఇక్కడికి. దోహాలో విమానం మారేటప్పుడు ఎక్కడ ఇబ్బంది పడతాడోనని రెండు పేజీల సూచనలు తెలుగులో రాసి పంపాను. గేటు నంబరు ఎక్కడ కనపడుతుంది, ఎవరిని అడగాలి, అన్నీ. ఆ కాగితం మడత కూడా విప్పలేదంట. ఎవరితోనో అరబ్బీలో మాట్లాడి, టీ తాగి, తీరిగ్గా ఎక్కాడు. పదహారేళ్లు కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరుగా చేసిన మనిషికి నేను ఎయిర్‌పోర్టు నేర్పబోయాను.

నా చిన్నప్పుడు ఎయిర్‌పోర్టంటే మద్రాసే. రెండేళ్లకోసారి నాయన వస్తున్నాడంటే ముద్దనూరులో రైలెక్కి పోయేవాళ్లం. లోపలికి రానివ్వరు. బయట కమ్మీల ఇవతల, జనం మధ్యలో అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడితే, మీసాలున్న ప్రతి మనిషీ నాయనలాగే కనపడేవాడు. ఒకసారి నిజంగానే వచ్చి ముందర నిలబడితే గుర్తుపట్టలేదు. అమ్మ వెనక్కి పోయి దాక్కున్నాను. ఇంట్లో ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు.

ఇక్కడ లోపలికి పోవచ్చు. ప్రయాణికులు బయటికొచ్చే తలుపు దాకా పోయి నిలబడ్డాను. సామాన్ల బండి తోసుకుంటూ వచ్చాడు. నన్ను చూసి తలూపాడు. పై అంతస్తు హాలు చూపిద్దామని తీసుకుపోతే, కప్పు కింద వేలాడే పెద్ద ఎర్రటి వల చూసి ఆగిపోయాడు.

“ఎర్రచీర ఆరేసినారేందిరా?”

అది పే వైట్ అనే అమెరికన్ కళాకారిణి పని, పేరు ‘మ్యాజిక్ కార్పెట్’. చీర అన్నమాటే బాగుంది.

కింది రైల్వే స్టేషన్‌కు నడుస్తూ ఈ ఎయిర్‌పోర్టు కథ ఎత్తుకున్నాను. బెర్లిన్‌లో ఉండేవాళ్లు వచ్చినవాళ్లందరికీ చెప్పే కథే ఇది, సగం సిగ్గుతో, సగం సరదాగా. 2006లో కట్టడం మొదలుపెట్టారు. 2012 జూన్ 3న తెరవాలి. ఇంకా నాలుగు వారాలు కూడా లేవనగా ఆపేశారు. నిప్పంటుకుంటే పొగ బయటికి పంపే ఏర్పాటు పనిచెయ్యలేదు. పైకప్పు మీద పొగ గొట్టాలు కనపడకూడదని, హాల్లోని పొగని నేల కిందికి లాగి బయటికి పంపేట్టు గీశారు.

నాయన బండి ఆపేశాడు.

“పొగ యాడన్నా కిందికి పోతాదా?”

మా పాత మట్టిమిద్దెలో పొయ్యికి నేరుగా పైన గవాచి ఉండేది. వానొస్తే దానిమీద మూత పెట్టేవాళ్లం, అప్పుడు ఇల్లంతా పొగ, అందరికీ దగ్గు. ఇంజినీరింగ్ చదివిన నేను ఈ కథ ఎంతమందికో చెప్పాను కానీ ఆ గవాచి ఒక్కసారీ గుర్తుకురాలేదు.

“ఫ్యాన్లు పెట్టి లాగుతారు నాయనా.”

“లాగినాయా?”

“లేదు.”

తలుపులు వాటంతటవి తెరుచుకోకపోతే వందలమందిని కాపలా నిలబెట్టి చేత్తో తీయిస్తామని కూడా అన్నారని చెప్పాను. “ఆ పని మనోళ్లకిచ్చింటే కువైట్‌కి పోయే పనే లేకపోయ్యిండు,” అన్నాడు. ఖాళీ భవనంలో ఊరికే వెలుగుతూ కాలం తీరిపోయిన 750 తెరలు మార్చాల్సొచ్చిందని, భూమి కింది స్టేషన్‌లో గాలి ఆడటానికి మనుషుల్లేని రైళ్లు తిప్పారని కూడా చెప్పాను. చివరికి 2020 అక్టోబర్ 31న తెరిచారు, కరోనా మధ్యలో.

నవ్వుతాడనుకున్నాను. జమ్మలమడుగు తట్టు ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో, 2018లో, 2019లో, మళ్లీ మొన్న ఫిబ్రవరిలో శంకుస్థాపన చూసిన మనిషి కదా.

“ఆపింది ఎవురు?” అన్నాడు.

ఈ ఎయిర్‌పోర్టు ఉండే జిల్లా, డామె-ష్ప్రేవాల్డ్ జిల్లా భవనాల అనుమతుల ఆఫీసు. మనుషులు తలుపులు తీసే ఏర్పాటుకు వాళ్లు ఒప్పుకోలేదు.

“జిల్లా ఆఫీసా? దేశ రాజధాని ఎయిర్‌పోర్టునా? ఆ ఆఫీసరు ఉద్యోగం పోలేదా?”

“పోయింది కట్టించేవాళ్లది నాయనా. టెక్నికల్ డైరెక్టర్ని తీసేశారు.”

కాసేపు మాట్లాడలేదు. “కాదని చెప్పినాడు చూడు,” అన్నాడు. ఇన్నేళ్లూ నేను ఈ కథని ఎనిమిదేళ్ల ఆలస్యం కథగానే చెప్తూ వచ్చాను.

రైల్లో కూర్చున్నాక పాస్‌పోర్టు ఇమ్మన్నాను, ఇంట్లో నా ఫైల్లో భద్రంగా పెడదామని. బనియన్ జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“వద్దులే. నా కాడనే ఉండనీ.”

“పోతుంది నాయనా, ఇట్లియ్యి.”

“పదహారేండ్లు ఆయప్ప బీరువాలో ఉండె. విమానమెక్కే దినం చేతికిచ్చేటోడు.” కిటికీ వైపు తిరిగాడు. “మీ జేజి సచ్చిపోయినప్పుడు ఆయప్ప ఊర్లో లేడు. బీరువా బీగం ఆయప్ప కాడ ఉండె.”

జేజి పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాయనకు సెలవు దొరకలేదని మాకు చెప్పారు. ఇంటి పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదని కువైట్ చట్టం 2015లో వచ్చింది. అప్పటికి నాయన తిరిగొచ్చేసి చీనీ తోట పెట్టుకున్నాడు.

రైలు కదిలింది. నేను మళ్లీ అడగలేదు. జేబు మీది చెయ్యి ఆయనా తియ్యలేదు.